చెవి చదువు

చిరంజీవి అమ్మడికి,

మీ బడి యాజమాన్యం ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని టోఫెల్ జూనియర్ పరీక్షకి తయారుచేసే పని నీకు అప్పగించిందనీ, మోడల్ పేపర్ల కట్ట చేతికిచ్చి రోజుకొకటి చేయించమందనీ రాశావు. ఆ కట్టని బీరువాలో పెట్టమని చెప్పడానికే ఈ ఉత్తరం. అన్నీ కాదు, రెండు మూడు బయట ఉంచుకో.

ఎందుకో తెలియాలంటే ఆ పరీక్షని ఎలా కట్టారో చూడాలి. అందులో మూడు భాగాలు. వినడానికి 42 ప్రశ్నలు, 40 నిమిషాలు. వ్యాకరణానికీ మాటల వాడకానికీ 42 ప్రశ్నలు, 25 నిమిషాలు. చదివి అర్థం చేసుకోవడానికి మరో 42, వాటికి 50 నిమిషాలు. ఒక్కో భాగానికి 200 నుంచి 300 దాకా స్కోరు ఇస్తారు. పాసూ ఫెయిలూ లేవు, తప్పుకి మార్కు కొయ్యరు. అసలు విషయం, దీనికి పాఠ్యపుస్తకం లేదు. మన బడుల్లో ఇంగ్లిషు పరీక్ష అంటే పాఠం, పాఠం కింద ప్రశ్నలు, గైడులో జవాబులు. ఆ జవాబులు కంఠతా వస్తే నూటికి తొంభై వచ్చేస్తాయి, ఇంగ్లిషు రాకపోయినా సరే. ఇక్కడ బట్టీ పట్టడానికి ఏమీ దొరకదు. మారనిది ప్రశ్నల మూస ఒక్కటే, అది రెండు మూడు పేపర్లతో తెలిసిపోతుంది. ఆ తర్వాత చేయించే ప్రతి పేపరూ పిల్లవాడికి ఏది రాదో మళ్ళీ చూపిస్తుంది తప్ప, రానిదాన్ని రప్పించదు.

మన పిల్లలకి రానిది ముఖ్యంగా వినడం. వాళ్ళది కంటి ఇంగ్లిషు. బోర్డు మీద చూసి నోట్సులోకి ఎక్కించుకున్నది. ఇంగ్లిషు మీడియం అని బోర్డు కట్టిన బడిలో కూడా పీరియడంతా వినిపించేది చాలావరకు తెలుగు వివరణే. తెలుగు అజంత భాష, రాసినట్టే పలుకుతాం, ప్రతి అచ్చుకీ దాని వంతు దానికిస్తాం. ఇంగ్లిషు అలా కాదు, మాటలో ఒకచోట ఊనిక వేసి తక్కిన అచ్చుల్ని మింగేస్తుంది. ‘ఫోటోగ్రాఫ్’ చివర ‘అర్’ చేరిందంటే ఊనిక రెండో అచ్చు మీదికి జరిగి ‘ఫటాగ్రఫర్’ అవుతుంది. మనం నాలుగు ముక్కలుగా పలికే ‘వెజిటబుల్’ ఇంగ్లిషువాళ్ళ నోట మూడు ముక్కలే. అన్నిటికంటే చిత్రమైనది ‘క్యాన్’, ‘క్యాంట్’ల సంగతి. అమెరికన్ల వాక్యంలో ఆ మాట ‘కన్’ అని నలిగి వినిపిస్తే చేయగలనని, ‘క్యాన్’ అని నిండుగా వినిపిస్తే చాలాసార్లు చేయలేనని. చివరి ‘ట్’ గొంతులోనే ఆగిపోతుంది. మన పిల్లవాడు సరిగ్గా తిరగేసి అర్థం చేసుకుంటాడు. ఈ మాటల్లో ఒక్కటీ కాగితం మీద అతనికి కొత్త కాదు. చెవికే కొత్త. పైగా పరీక్షలో రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. జారిపోయిన ఒక మాట వెంట పడితే, దాని తర్వాతి రెండు వాక్యాలూ పోతాయి.

మరి చెవిని ఎలా తయారుచేయాలి? దీనికి మనలాంటి పల్లె బడుల్లోనే జరిగిన గట్టి ప్రయోగం ఒకటుంది. 1980ల మొదట్లో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే ఇద్దరు ఫిజీ దీవుల్లో ఇంగ్లిషుని రెండో భాషగా నేర్చుకునే నాలుగు, ఐదు తరగతుల పిల్లల మీద దాన్ని చేశారు. ఎనిమిది బడులకి బొమ్మలున్న కథల పుస్తకాలు 250 చొప్పున ఇచ్చారు. కొన్నిచోట్ల టీచరు పైకి చదివి పిల్లలతో కలిసి మాట్లాడేవాడు, కొన్నిచోట్ల పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చదువుకునేవాళ్ళు. మరో నాలుగు బడుల్లో మామూలు పాఠాలే, వాక్యాల అభ్యాసాలే. ఎనిమిది నెలలకి పరీక్ష పెడితే కథలు చదివిన పిల్లలు చదవడంలోనూ వినడంలోనూ మామూలుకంటే రెట్టింపు వేగంతో ముందుకెళ్ళారు. వినడంలో కూడా అన్న మాట గమనించు. 1983లో అచ్చయిన ఈ ఫలితాలు వాక్యాలు దిద్దించే మన పద్ధతిని ఇంకా పెద్దగా కదిలించలేదు, అది వేరే బాధ. అయితే పుస్తకం కష్టమైనదైతే ఇదేదీ జరగదు. ఎవరి సాయం లేకుండా కథ హాయిగా సాగాలంటే వంద మాటల్లో 98 తెలిసి ఉండాలని పాల్ నేషన్, ఆయన సహ పరిశోధకురాలు 2000లో తేల్చారు. అందుకే ఎనిమిదో తరగతి పిల్లలకి నాలుగో తరగతి స్థాయి కథలు ఇవ్వడానికి మొహమాటపడకు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉచితంగా దొరుకుతాయి, అవి నీ పనికి బాగా అమరుతాయి.

తెలుగు పేరెత్తగానే మీ ప్రిన్సిపాల్‌గారు నొసలు చిట్లిస్తారేమో. ఇంగ్లిషు పీరియడులో తెలుగు వినపడితే ఇంగ్లిషు పాడవుతుందని మనవాళ్ళలో బలమైన నమ్మకం. పీరియడంతా తెలుగులో నడిపితే ఆ మాట నిజమే. కానీ రెండు భాషల తేడా చూపడానికి తెలుగుని మించిన పనిముట్టు నీ దగ్గర లేదు. ‘అన్నం తిన్నావా’ అంటే ‘తిన్నాను’ అంటాం, ‘నిన్న వాళ్ళింట్లో తిన్నాను’ అన్నప్పుడూ అదే క్రియ. ఇంగ్లిషు ఈ రెంటికీ రెండు రూపాలు వాడుతుంది, ‘హావ్ ఈటెన్’, ‘ఏట్’. ఈ తేడా తెలుగు వాక్యాలు పక్కన పెట్టి చూపితే పది నిమిషాల పని, సూత్రాలతో చెబితే వారం పడుతుంది. పైగా పరీక్షలో వ్యాకరణం భాగానికి 42 ప్రశ్నలకి 25 నిమిషాలే, అంటే సూత్రం గుర్తుచేసుకునే వ్యవధి ఉండదు. తప్పు వాక్యం చెవికి తప్పుగా తోచాలి. ఎన్నోసార్లు ఒప్పు విన్నవాళ్ళకే అలా తోస్తుంది.

‘నా ఉచ్చారణే అంతంతమాత్రం, నేను పైకి చదివితే నా తప్పులే అంటుకోవా’ అని నువ్వు అడగొచ్చు. కథని నీ గొంతుతో చదువు, మాటల ఊనికకి రికార్డింగులు వినిపించు. రెండూ ఉంటే సరిపోతుంది. ఈ పరీక్షలో మాట్లాడే భాగం తప్పనిసరి కాదు కదా అని పిల్లలతో మాట్లాడించడం మానెయ్యకు. నోటితో పలకని శబ్దాన్ని చెవి కూడా సరిగ్గా పట్టుకోదు.

ఇక తల్లిదండ్రులు. వాళ్ళకి స్కోరు కావాలి, అందులో తప్పేం లేదు. కాకపోతే ఒక సంగతి వాళ్ళకి ముందే చెప్పెయ్యి. టోఫెల్ జూనియర్ స్కోరు చూసి యూనివర్సిటీలు సీట్లివ్వవు. అవి అడిగేది టోఫెల్ ఐబీటీ, ఐఈఎల్‌టీఎస్ లాంటివి, వాటి స్కోర్లకి కూడా రెండేళ్ళే చెల్లుబాటు. పదమూడేళ్ళ పిల్లవాడికి ఇప్పుడు వచ్చే కాగితం పద్దెనిమిదో ఏట ఎందుకూ పనికిరాదు, అప్పటికి మిగిలేది నేర్చుకున్న భాషే. ఈ పరీక్ష ప్రభుత్వ బడుల దాకా కూడా వచ్చి వెళ్ళింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టోఫెల్ నడిపే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని, 2024 ఏప్రిల్‌లో తన బడుల్లో 3–5 తరగతులకి టోఫెల్ ప్రైమరీ, 6–9 తరగతులకి జూనియర్ సన్నాహక పరీక్షలు పెట్టింది. ఆ ఏడాదే ప్రభుత్వం మారాక కార్యక్రమం ఆగిపోయింది. పేద పిల్లలకి టోఫెల్ ఎందుకని ఒకరు, ఎందుకు కూడదని ఒకరు వాదించుకున్నారు. నాకైతే రెండోవాళ్ళ మాటే సబబుగా తోచింది. కానీ పరీక్ష ఉన్నా పోయినా ఆ పిల్లలు రోజుకి ఎంతసేపు ఇంగ్లిషు వింటున్నారన్న ప్రశ్న అలాగే ఉంది.

ఇది నెమ్మది పని, పరీక్షకి నాలుగు నెలలే ఉంది అంటావు. నిజమే, నాలుగు నెలల్లో అద్భుతాలు జరగవు, మోడల్ పేపర్లతోనూ జరగవు. రోజూ 45 నిమిషాలు నీవనుకుంటే, ఇరవై నిమిషాలు కథ చదివి వినిపించు, పది నిమిషాలు ఆ కథ మీద పిల్లల చేత మాట్లాడించు, మిగిలిన సమయం ఒక చిన్న రికార్డింగుకి. పేపర్లు మొదటి వారంలో ఒకటి, పరీక్షకి పది రోజుల ముందు రెండు. రికార్డింగు మొదటిసారి వినేటప్పుడు వాళ్ళ ముందు కాగితం ఉండనివ్వకు. రెండోసారి వినేటప్పుడు ఇవ్వు, తాము విన్నదానికీ అచ్చులో ఉన్నదానికీ తేడా ఎక్కడొచ్చిందో గీత గీయమను. ఆ గీతలున్న కాగితాలు పారెయ్యకుండా దాచు, మరుసటి వారం పాఠం వాటిలోంచే తీసుకోవచ్చు.

నీ బాబాయి