తాళపుచెవి చేతులు మారు వేళ

వర్తకుల ఇండ్లలో గల్లాపెట్టె తాళపుచెవికి గల గౌరవము సామాన్యమైనది కాదు. ధాన్యపు అడితి దుకాణమైనను, బట్టల కొట్టైనను, అది ఎవరి మొలనున్నదో వారే యజమానులు. కుమారునకు నలువది యేండ్లు నిండియుండును. అతని పిల్లలు కళాశాలలో చదువుచుందురు. అయినను రైతు వచ్చి ధర యడిగినచో "నాయనగారు రానిండు" అని చెప్పవలసినదే. ఇందులో తండ్రి దుర్బుద్ధి యేమియు లేదు. కష్టార్జితము చెడిపోవునేమో యను భయము కొంత. తాళపుచెవి ఇచ్చిన నాటినుండి ఇంటిలో తన మాట చెల్లదేమో యను భయము మరికొంత. ఈ రెండవదానిని ఎవ్వరును పైకి చెప్పుకొనరు. నిజమునకు అదియే పెద్దది.

ఆ తండ్రి హఠాత్తుగా కన్నుమూసినచో ఏమగును? ఏ రైతునకు విత్తనములకై నోటిమాటపై సొమ్మిచ్చినదియు, ఏ మిల్లువారు గడువు దాటించువారో, దాసోహమునకు ఏటేట ఎంత పంపుచుండెనో, ఇవి ఏ పద్దులోను వ్రాసియుండవు. ఆయన తలలోనే యుండెను. బాకీదారు మంచివాడైనచో తానై వచ్చి చెప్పును. కానివాడు మౌనము వహించును. మరణవార్త తెలిసిన పిమ్మట బ్యాంకువారు ఆయన వ్రాసిన చెక్కును చెల్లింపరు. ఆయన పేరనున్న జీయస్టీ నమోదుపై వారసుడు వ్యాపారము సాగింప వీలులేదు; తన పేర క్రొత్తది పొందవలెను. భాగస్వామ్యమైనచో, 1932 నాటి చట్టము ననుసరించి, ఒడంబడికలో వేరుగా వ్రాసికొననియెడల, ఒక భాగస్వామి మరణముతో సంస్థయే రద్దగును. నామినీ పేరు వ్రాయించితిమి గదా యని కొందరు నిశ్చింతగా నుందురు. కంపెనీ వాటాల విషయమున నామినీ యైనంత మాత్రమున యజమాని కాజాలడని సుప్రీంకోర్టు 2023లో స్పష్టపరచినది. పెద్ద సంస్థలకును ఈ చిక్కు తప్పలేదు. ధీరూభాయి అంబానీ 2002లో వీలునామా లేకయే మరణింపగా, కుమారులిద్దరి వివాదము పెరిగి, తల్లి కోకిలాబెన్ మధ్యవర్తిత్వమున సంస్థలు విడిపోవుటకు 2005 వచ్చినది.

ఈ విషయమున మఠముల వాడుక గృహస్థులు గమనింపదగినది. కర్ణాటకమున తుమకూరు చెంతనున్న సిద్ధగంగా మఠములో ఉద్దాన శివయోగులు ఉత్తరాధికారిగా నెంచుకొన్న మరుళారాధ్యులు 1930లో అకాలమరణము పొందిరి. శివయోగులు జాగు చేయక, ఆ యేడే శివకుమారస్వాములను ఎన్నుకొనిరి. 1941లో శివయోగులు లింగైక్యులగునాటికి శివకుమారస్వాములకు పదకొండేండ్ల అనుభవము కలదు. తరువాత వారును 1988లోనే సిద్ధలింగస్వాములను ఉత్తరాధికారిగా నియమించి, 2019 జనవరిలో లింగైక్యులైరి. ముప్పది యేండ్లకు పైబడిన గడువు! మఠములో కుమారుడు లేడు గనుక ఎన్నిక తప్పదు. ఇంటిలో కుమారుడున్నాడు గనుక ఎన్నిక అక్కరలేదని తలచుటయే గృహస్థుల పొరపాటు. కాయకము చేయువానిది గాని పుట్టినవానిది కాదు గదా.

కుమార్తె మాట యేమి? హిందూ వారసత్వ చట్టము 1956లోనే వీరశైవులను, లింగాయతులను పేరుపెట్టి తన పరిధిలో చేర్చినది. అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమభాగము నిచ్చుచు ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే సవరణ వచ్చినది. 2005లో దేశమంతటను కుమార్తెలందరికిని అది వర్తించినది. భాగము సంగతి యటుంచి, లెక్కలు తెలిసిన కుమార్తె ఇంట నుండగా, లెక్కలు రాని అల్లుని పిలిచి గద్దెనెక్కించు ఇండ్లు నేటికిని కలవు. కుమారుడు వైద్యుడై పట్టణమున స్థిరపడినచో అతనిని బలవంతముగా మండీకి రప్పించుటకంటె, ఇరువదియేండ్లు నమ్మకముగా పనిచేసిన గుమాస్తాకు వాటా యిచ్చి అప్పగించుట మేలు.

తాళపుచెవి ఒక్కనాడే మారనక్కరలేదు. మొదటి యేట బాకీల పద్దు కుమారునకు అప్పగించి, ప్రతి బాకీదారునింటికి తండ్రి స్వయముగా వెంటబెట్టుకొని పోవలెను. మరుసటి యేట ఒక పంట కొనుగోలు పూర్తిగా అతని ధరకే విడువవలెను. నష్టము వచ్చినను, రైతులయెదుట ఆ ధరను తండ్రి మార్చరాదు. మార్చినచో ఆ కుమారుని మాట ఆ మండీలో మరి చెల్లదు. అటుపిమ్మట బ్యాంకు సంతకము. వీలునామాకు తెల్లకాగితము, ఇద్దరు సాక్షులు చాలును. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయించుట మంచిది. అందులోని సంగతి సంతానమునకు బ్రతికియుండగానే, అందరిని ఒక్కచోట కూర్చుండబెట్టి చెప్పవలెను. ఇది కష్టమైన పని. ఒక్కొక్క ఇంట దీనికి పదేండ్లు పట్టును.

కుమారుని వంతును కలదు. కంప్యూటరు వచ్చినదని పాత ఖాతా పుస్తకములను ఆ వారమే తూకమునకు వేయరాదు. తండ్రి పెట్టిన ముసలి గుమాస్తాను మొదటి నెలలోనే పంపివేయరాదు. తాళపుచెవి ఇచ్చివేసిన పెద్దవానికి దుకాణములో ఒక చోటుండవలెను. ఉదయము దీపము పెట్టుట ఆయనదే కావలెను. పాత రైతులు వచ్చినపుడు పలుకరించుట ఆయనదే కావలెను. కొనుగోలు ధర నిర్ణయించిన పిదపనైనను కుమారుడు ఆయన చెంతకు పోయి, "ఇంతకు కొంటిని, నాయనా" అని చెప్పి, ఆయన ఏమనునో విని రావలెను.