ఏడాది కాదు, పాఠం మళ్లీ చెప్పాలి

మనవరాలికి అబ్బ రాసేది.

బి.తాండ్రపాడు డైట్ ఉపాధ్యాయ శిక్షణ సంస్థ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఐదో తరగతికి వచ్చినా చదవడం, లెక్కలు రాని పిల్లల్ని అదే తరగతిలో ఇంకో ఏడు కూర్చోబెట్టాలా, పైకి పంపాలా అని అడిగినావు. రేపు టీచరుగా బడిలో అడుగుపెట్టబోయేదానివి, ఈ సంగతి ఇప్పుడే తేల్చుకోవడం మేలు. నా మాట ముందే చెప్తాను. చిన్న తరగతుల్లో పిల్లల్ని ఆపొద్దు. ఏమీ నేర్పకుండా పైకి తోయనూ వద్దు.

ముందు పిల్లవాడు ఎందుకు వెనకబడినాడో చూడు. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు దిక్కు వానలు మొఖం చాటేస్తే ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. గుంటూరు వైపు పత్తి తీయను, మిరపకాయలు కోయను పోయే ఆ పెద్దోళ్ల వెంట పిల్లలూ పోతారు. తిరిగొచ్చేసరికి పరీక్షలు ముంచుకొస్తాయి. కడప, రాయచోటి వైపు సంగతి వేరు. తల్లి ఇంటిపని కోసం కువైట్ పోయుంటే బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతుంటాడు. ఒకడికి బడి రోజులు తక్కువైనాయి, ఇంకొకడికి పక్కన కూర్చుని చదివించే దిక్కు లేకపాయె. ఇద్దరిలో ఎవరికీ తెలివి తక్కువ కాదు.

ఇప్పుడు పలక తీసుకో. ఐదో తరగతి పిల్లవాణ్ని 42లోంచి 17 తీసేయమను. వెనకబడినవాళ్లలో చాలామంది 35 అని రాస్తారు. ఏడులో రెండు పోతే ఐదు, నాలుగులో ఒకటి పోతే మూడు. వాడు తోచింది రాయలేదమ్మా, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలనే లెక్కనే పట్టుకున్నాడు. పదులు, ఒకట్ల సంగతి రెండో తరగతిలోనే వాడికి తప్పిపోయింది. ఐదో తరగతిలో మళ్లీ ఉంచితే మళ్లీ భిన్నాలు, దశాంశాలే వింటాడు. రెండో తరగతి పాఠం వాడికి చెప్పేదెవరు? అదే చీపురుపుల్లల్ని పదేసి కట్టలు కట్టి, నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి చేతికిచ్చి, అందులోంచి పదిహేడు తిరిగి ఇమ్మను. రెండు పుల్లల్లోంచి ఏడు ఇవ్వలేక వాడే ఒక కట్ట విప్పుతాడు. చివరికి రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగులుతాయి. 25 అని వాడే చెప్తాడు. దానికి ఏడాది అక్కర్లేదు, ఓపికగా కొన్ని పూటలు చాలు.

2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఆపరాదంది. పిల్లలు ఏం నేర్చుకున్నారో ఏడాది పొడుగునా చూస్తూ ఉండమనీ చెప్పింది. మొదటి మాట సులువుగా అమలైంది, రెండోది చాలాచోట్ల రిజిస్టర్లలోనే ఉండిపోయింది. 2019లో చట్టాన్ని సవరించి 5, 8 తరగతుల్లో ఆపాలా వద్దా అనేది రాష్ట్రాలకు వదిలినారు. అందులోనూ, తప్పినవాళ్లకు అదనంగా పాఠాలు చెప్పి రెండు నెలల లోపల మళ్లీ పరీక్ష పెట్టాలనే ఉంది.

ఆపి చూసినవాళ్ల అనుభవమూ తెలుసుకో. అమెరికాలోని షికాగోలో 1990ల్లో 3, 6, 8 తరగతుల్లో పరీక్ష తప్పినవాళ్లను ఆపినారు. తర్వాత పరిశోధకులు లెక్క తీస్తే మూడో తరగతిలో ఆగినవాళ్లకు మేలేమీ కనిపించలేదు. ఆరో తరగతిలో ఆగినవాళ్లు ఇంకా వెనకబడినారు. మన దగ్గర ఇంతకంటే పెద్ద భయం ఉంది. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం. ఆడవాళ్లలో సగం మందికి చదువు రాదు. అట్లాంటి చోట ఆడపిల్ల తప్పిందంటే "ఇంక చాలులే" అని చేనికి పంపే ఇండ్లు, సంబంధాలు చూసే ఇండ్లు ఉన్నాయి.

ఆపకుండా నేర్పే దారి లేకపోలేదు. శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ పనిలోంచి తప్పించిన పిల్లల్ని బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. పదేళ్ల పిల్లను ఐదారేళ్ల పిల్లల మధ్య ఒకటో తరగతిలో కూర్చోబెట్టలేదు. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. వయసుకు తగిన తరగతి, దానికి ప్రత్యేక శిక్షణ అనేవి విద్యాహక్కు చట్టంలోనూ చేరినాయి.

పదో తరగతి మాట వేరు. తప్పినవాళ్లు మళ్లీ రెగ్యులర్‌గా బడిలో చేరే వీలు 2023లో మన రాష్ట్రం కల్పించింది. ఆ వయసు పిల్లవాడు తానే కోరి, అయ్యవార్ల పక్కన కూర్చుని ఇంకో ఏడు చదువుతానంటే అడ్డు చెప్పొద్దు. వాడి ఇష్టంతో జరిగేది శిక్ష కాదు.

నువ్వు బడికి పోయినాక చేయాల్సింది చెప్తాను. మొదటి రెండు వారాల్లో ఒక్కొక్కరితో చదివించి, లెక్క చేయించి, ఎక్కడ ఆగినారో నోటుబుక్కులో రాసుకో. రోజూ ఒక గంట తరగతిని పక్కనపెట్టి, వచ్చినదాన్ని బట్టి జట్లు చేసి చెప్పు. సుగ్గికి పోయే ఇండ్లను ముందే గుర్తించి, పిల్లల్ని సీజనల్ హాస్టల్‌లో ఉంచేట్టు పెద్దోళ్లను ఒప్పించు. ఎవర్నీ పదిమందిలో మొద్దు అనొద్దు.

ఏ బిడ్డ పేరు ఎదుటైనా తప్పినట్టు రాసే ముందు, ఆ బిడ్డకు ఈ ఏడు నువ్వు ప్రత్యేకంగా ఏం నేర్పినావో ఆ నోటుబుక్కులో చూసుకో. అక్కడ ఏమీ లేకుంటే తప్పినట్టు రాసే హక్కు నీకు లేదు.

ఇట్లు,
మీ అబ్బ