విదేశ ప్రవేశ నిషేధం, మినహాయింపు, నిరీక్షణ కాలం – ఒక పరిశీలన

పుట్టపర్తికి ప్రపంచపు నలుమూలల నుంచి యాత్రికులు వస్తుంటారు. విదేశీయుడు ఏ వసతి గృహంలో దిగినా, అతని పాస్‌పోర్టు, వీసా వివరాలను 24 గంటలలోగా ప్రభుత్వానికి తెలియజేయడం ఆ గృహ యజమాని బాధ్యత. ఈ ఊరి విద్యార్థులకు ఇది తెలియని విషయం కాదు. ప్రతి దేశమూ తన వాకిట అడుగుపెట్టిన పరదేశి లెక్కను ఇట్లే వ్రాసి ఉంచుకొంటుంది. గడువు మీరి నిలిచిన వానిని, అబద్ధమాడి ప్రవేశించిన వానిని, నేరం చేసిన వానిని ఆ లెక్క మరచిపోదు. మన దేశంలోనూ 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం వీసా గడువు మీరి ఉండడాన్ని శిక్షార్హమైన నేరంగా పరిగణిస్తున్నది.

ఇట్లు వచ్చేవారిని చూస్తున్న మన ప్రాంతం నుంచి వెళ్లేవారూ తక్కువేమీ కాదు. వర్షాన్ని నమ్ముకొన్న వేరుశనగ సేద్యం ఇల్లు గడపలేనప్పుడు కదిరి, రాయచోటి ప్రాంతాల వారు కువైట్ దారి పట్టారు. చదువుకొన్న పిల్లలు అమెరికా వైపు చూస్తున్నారు. వారిలో కొందరు ఏదో ఒక పొరపాటు వల్లనో, మోసపోవడం వల్లనో తిరిగి పంపబడి ఇల్లు చేరుతారు. చేసిన అప్పు అట్లే ఉంటుంది. అప్పుడు ఆ కుటుంబం అడిగే ప్రశ్న ఒక్కటే: "మళ్లీ ఎన్నాళ్లకు వెళ్లవచ్చు?"

ఈ ప్రశ్నకు ఏజెంట్లు చెప్పే సమాధానాలు అనేకం. అయితే, ఏ కారణం చేత తలుపు మూయబడినదో తెలియనిదే ఎన్నాళ్లకు తెరుచుకొంటుందో చెప్పడం సాధ్యం కాదు. ఈ విషయాన్నే ఉదాహరణలతో పరిశీలించడం మా ఉద్దేశం.

1. గడువు గల నిషేధం

కొన్ని నిషేధాలకు చట్టమే గడువు విధిస్తుంది. అమెరికా 1996లో చేసిన చట్టం ప్రకారం, ఆ దేశంలో 180 రోజులకు మించి, ఏడాదికి లోపు అక్రమంగా నివసించి తనంత తాను వెళ్లిపోయిన వానికి 3 సంవత్సరాలు, ఏడాది గాని అంతకు మించి గాని నివసించి వెళ్లిపోయిన వానికి 10 సంవత్సరాలు పునఃప్రవేశం లేదు. దేశం వదలిన నాటి నుంచి ఈ లెక్క మొదలవుతుంది. అధికారిక ఉత్తర్వుతో పంపివేయబడిన వారి విషయంలో ఈ గడువు సందర్భాన్ని బట్టి 5, 10, 20 సంవత్సరాలుగా ఉంటుంది.

ఇట్టి నిషేధం కాలం గడిస్తే తనంత తానే తొలగుతుంది. దానిని తొలగిస్తామని ఎవరైనా ధనం అడిగితే, తెల్లవారడానికి రుసుము అడిగినట్లే. గడువుకు ముందే వెళ్లవలసిన అగత్యం కలిగిన వారికి మాత్రమే మినహాయింపు దరఖాస్తు అవసరం.

2. గడువు లేని నిషేధం

రెండవ రకం కఠినమైనది. వీసా కోసమో, ప్రవేశం కోసమో ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పినట్లు అమెరికా అధికారులు నిర్ణయిస్తే ఆ నిషేధం శాశ్వతం. పదేళ్లు ఆగినా, ఇరవై ఏళ్లు ఆగినా అది అట్లే ఉంటుంది.

మన తెలుగువారికి ఈ సంగతి రెండు చేదు అనుభవాల ద్వారా తెలిసింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడింది. అందులో పేర్లు నమోదై ఉన్న 1,500 మందికి పైగా విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది నాటి ఆంధ్రప్రదేశ్ వారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించగా మన ప్రభుత్వం నిరసన తెలిపింది. ఆ సంస్థ అధిపతికి 2014లో 16 సంవత్సరాలకు మించిన జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయ వ్యవహారం బయటపడింది. దానిని నడిపినవారు అమెరికా వలస విభాగపు అధికారులే. తొలి విడత నిర్బంధింపబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. ఆ ఏడాది చివరకు ఈ సంఖ్య సుమారు 250కి చేరింది. తరగతులే జరగని ఆ సంస్థ ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థల జాబితాలో కూడా ఉన్నదన్న సంగతి గమనింపదగినది.

ఇట్టి వ్యవహారాలలో చిక్కినవారందరి భవిష్యత్తూ ఒకే రీతిగా ఉండదు. స్వచ్ఛందంగా వెళ్లడానికి అనుమతి పొంది, గడువులోగా వెళ్లినవానిపై బహిష్కరణ ఉత్తర్వు వల్ల కలిగే నిషేధం ఉండదు. ఉత్తర్వుతో పంపబడినవానికి సంవత్సరాల నిషేధం ఉంటుంది. అబద్ధమాడినట్లు నిర్ణయం పొందినవానికి మినహాయింపు ఒక్కటే మార్గం. ఒకే విమానంలో తిరిగివచ్చిన ముగ్గురికి మూడు వేర్వేరు నిరీక్షణలు!

తాత్కాలికంగా వెళ్లదలచిన వారు ఈ మినహాయింపును వీసా ఇంటర్వ్యూలోనే కోరవలసి ఉంటుంది. మన రాష్ట్రం వారికి ఇది హైదరాబాదు కాన్సులేటులో జరుగుతుంది. అక్కడి అధికారి సిఫారసు చేస్తే దరఖాస్తు అమెరికాలోని సరిహద్దు రక్షణ విభాగానికి వెళుతుంది. తుది నిర్ణయం వారిదే. దీనికి నెలలు పట్టడం సహజం, ఇన్ని రోజులలో తేల్చవలెనన్న కట్టుబాటు లేదు. ఆ అధికారులు ముఖ్యంగా మూడు విషయాలు తూచుతారు: ఇతనిని రానిస్తే సమాజానికి కలిగే హాని ఎంత, వెనుకటి తప్పు తీవ్రత ఎంత, రావలసిన కారణం ఏమిటి. 1978లో ఒక కెనడా స్త్రీ వ్యవహారంలో అమెరికా వలస అప్పీళ్ల బోర్డు ఏర్పరచిన ఈ కొలత నేటికీ చెల్లుతున్నది. అందుచేత ఈ నిరీక్షణను ఊరక కూర్చొని గడపరాదు. నిందలేని నడవడి, పూర్తిచేసిన చదువు, నిలకడైన ఉద్యోగం – వీటిని రుజువు చేసే కాగితాలే ఆ త్రాసులో బరువు తూగుతాయి.

3. గల్ఫ్ దేశాల క్షమాభిక్ష

గల్ఫ్ దేశాలలో యజమానిని విడిచి, ఇఖామా గడువు తీరి నిలిచిపోయిన వారిని మనవారు 'కల్లివెల్లి' అంటారు. వీరికి అప్పుడప్పుడు ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. కువైట్ 2018లోనూ, 2020 ఏప్రిల్‌లోనూ, 2024లోనూ ప్రకటించింది. 2020లో విమాన ఖర్చులు కూడా ఆ ప్రభుత్వమే భరించింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2024 సెప్టెంబరు 1న మొదలుపెట్టిన క్షమాభిక్షను డిసెంబరు 31 వరకు పొడిగించింది. ఈ అవకాశంతో వెళ్లినవారు కొత్త వీసాతో మళ్లీ రావచ్చునని, వారిపై ప్రవేశ నిషేధం ఉండదని తెలిపింది.

దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. క్షమాభిక్ష గడువులోగా బయటపడినవానికి నిరీక్షణే లేదు. గడువు దాటిన మరునాడు పట్టుబడినవాని వేలిముద్రలు బహిష్కృతుల లెక్కలో చేరుతాయి. ఎమిరేట్స్‌లోనైతే 2000 దశకపు తొలి సంవత్సరాల నుంచే కంటిపాపను సైతం సరిచూస్తున్నారు. పేరు మార్చి మరొక పాస్‌పోర్టు తీసుకొంటే చాలునన్న సలహా ఎంత ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది. పేరు మారినా కంటిపాప మారదు గదా! పైగా తప్పుడు వివరాలతో పాస్‌పోర్టు పొందితే మన పాస్‌పోర్టు చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

4. స్వదేశంలోని కేసులు

కొందరికి తలుపు ఇక్కడే మూయబడుతుంది. మన సీమ పల్లెలలో కొట్లాట జరిగితే, చదువుకొనే కుర్రవాని పేరు కూడా ఫిర్యాదులో చేరడం కద్దు. విదేశయానం రాజ్యాంగంలోని 21వ అధికరణం కల్పించిన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది. ఆ ఏడాదే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. నైతిక పతనంతో కూడిన నేరానికి రెండేళ్లకు తక్కువ గాని శిక్ష పడినవానికి, ఆ తీర్పు నాటి నుంచి అయిదేళ్ల వరకు పాస్‌పోర్టు నిరాకరించవచ్చునని ఆ చట్టం చెబుతున్నది. క్రిమినల్ కోర్టులో విచారణ నడుస్తున్నా నిరాకరించవచ్చు.

అయితే కేసు ముగిసే వరకు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన పనిలేదు. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారం, విచారణ జరుపుతున్న కోర్టు అనుమతిస్తే పాస్‌పోర్టు ఇస్తారు. కోర్టు తన ఉత్తర్వులో కాలపరిమితి చెప్పకపోతే అది ఒక్క ఏడాదికే చెల్లుతుంది. పలు దేశాలు ఆరు నెలల చెల్లుబాటు మిగిలి ఉండాలంటాయి గనుక, ఆ ఏడాదిలో సగమే అక్కరకు వస్తుంది. కనుక కోర్టుకు అర్జీ పెట్టేటప్పుడే తగిన కాలపరిమితిని కోరడం మంచిది. కేవలం ఎఫ్.ఐ.ఆర్. నమోదై, కోర్టు ఇంకా విచారణకు స్వీకరించని కేసు ఈ నిబంధన క్రిందికి రాదని విదేశాంగ శాఖ 2019లో స్పష్టం చేసింది. రాజీకి వీలున్న చిన్న కేసులను లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కేసు ముగిసినా సమాధానం ముగియదు. ఎప్పుడైనా అరెస్టు అయినారా అని అమెరికా వీసా ఫారం అడుగుతుంది. క్షమాపణ లభించినా సరే, చెప్పవలసిందేనంటుంది. అప్పుడు 'లేదు' అని వ్రాసినవాడు చిన్న కొట్లాట కేసును శాశ్వత నిషేధంగా మార్చుకొన్నవాడవుతాడు. నిజం వ్రాసి, కోర్టు ఉత్తర్వు నకలు జతపరిచినవానికి మహా అయితే కొన్ని నెలల ఆలస్యం జరుగుతుంది.

విద్యార్థి మిత్రులారా! మీ అన్నగారో, మామగారో తిరిగి పంపబడి ఇంట ఉంటే, ముందుగా వారికి అధికారులు ఇచ్చిన కాగితాన్ని అడిగి చదవండి. ఏ తేదీన, ఏ కారణం చేత, ఎంత కాలానికి అన్న మూడు విషయాలు ఒక పుస్తకంలో వ్రాసి పెట్టండి. కాగితం ఆంగ్లంలోనో, అరబ్బీలోనో ఉంటే దానిని చదివి చెప్పగల అధ్యాపకులు మన కళాశాలలోనే ఉన్నారు. వారానికి ఒక సాయంకాలం ఇట్టి కాగితాలు చదివి చెప్పే ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను మేము సవినయంగా కోరుతున్నాము. ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఒక కుటుంబం ఆ కాగితంలో ఏమున్నదో తెలుసుకొన్నా, ఈ ఏర్పాటు సార్థకమైనట్లే.