పసిపిల్లలకు బాటమీది పాఠము

1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబాభావే పోచంపల్లికి కాలినడకన వచ్చిరి. నేడు చీరలు కొనుటకై హైదరాబాదు నుండి వచ్చు కార్లు మగ్గముల ఇండ్ల ముందరి సందులలోనికే వచ్చుచున్నవి. పిల్లలు ఆడుకొను తావును అదియే.

"జాగ్రత్త బిడ్డా" అని చెప్పి పంపినంత మాత్రమున చాలదు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు వాహనము ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. పసివారు ఆ వేగమును, దూరమును సరిగా అంచనా కట్టలేరు. నిలిచియున్న ఆటో చాటునుండి వచ్చు బిడ్డ డ్రైవరుకు కనబడనే కనబడదు. కావున చేయి పట్టుకొని బాట వద్దకే తీసికొనిపోయి నేర్పవలెను: అంచున నిలుచుట, కుడికి, ఎడమకు, మరల కుడికి చూచుట, పరుగెత్తక దాటుట. బంతి బాటమీదికి దొర్లినచో దాని వెంట పోరాదని వేరుగా, పలుమార్లు చెప్పవలెను; ఆటలో పడిన పిల్లలు తక్కిన పాఠమంతయు మరతురు.

పెద్దలకును పాఠము కలదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము నాలుగేండ్లు దాటిన పిల్లలకును మోటారుసైకిలుపై హెల్మెట్టు ఉండవలెను. మన యూళ్లలో దీనిని పాటించువారు అరుదు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని గేటు దాటుచున్న బడిబస్సును రైలు ఢీకొనగా పదిమందికి పైగా పిల్లలు మరణించిరి. అచట పిల్లలకెంత నేర్పియున్నను ఫలము లేకుండెడిది. గేటు, మలుపు, బడి ముందరి బాట పెద్దలు చూడవలసినవి. పోచంపల్లి చుట్టుపట్ల పంచాయతీ సభ్యులు వచ్చే గ్రామసభకు ముందే, బడి విడుచు వేళకు ఒకమారు బాట అంచున నిలిచి చూడవలెనని కోరుచున్నాము.