అనంతగిరి కొండల్లో ఒక రోజు: మూసీ ఎక్కడ పుట్టింది?



మూసీ అంటే ఏమిటని ఇంట్లో పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. చాలామంది ముందు ముక్కు మూసుకుంటారు. నయాపూల్ మీదుగా, చాదర్‌ఘాట్ మీదుగా వెళ్లేటప్పుడు వాళ్లకు తెలిసిన మూసీ అదే. పరీక్షలో మాత్రం నదులు కొండల్లో పుడతాయని రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ వాక్యానికీ, వంతెన కింద పారే నల్లటి నీటికీ సంబంధం ఉందని వాళ్లకు తోచదు. తోచకపోతే ఆ నది వాళ్ల దృష్టిలో ఎప్పటికీ నాలాగానే మిగిలిపోతుంది.

అందుకే ఈసారి ఆదివారం అనంతగిరి కొండలకు వెళ్లండి. ఊటీ, అరకు అంత చల్లగా ఉండదు, నిజమే. కానీ స్కూలుకు సెలవు పెట్టక్కర్లేదు, రూము బుక్ చేయక్కర్లేదు. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. జల్‌పల్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, అప్పా జంక్షన్ దగ్గర దిగి, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ చేరాలి. చేవెళ్ల దారిలో రోడ్డు పక్కన పాత మర్రిచెట్లు కనిపిస్తాయి. అక్కడైనా ఫోన్లు పక్కన పెట్టించండి.

బయల్దేరే ముందు ఒక చిన్న పని. పహాడీ షరీఫ్ గుట్ట దగ్గరి బండరాయి మీద పిల్లలతో కాసిని నీళ్లు పోయించండి. నీళ్లు జారిపోతాయి. అది గ్రానైట్, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. అనంతగిరిలో రాయి వేరు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో చాలా భాగం మీద లావా పొరలు పొరలుగా పరుచుకుంది. ఆ రాయి ఎండకూ వానకూ లక్షల ఏళ్లు నాని, మారి, పైన ఎర్రటి పొరగా మిగిలింది. దాన్నే లాటరైట్ అంటారు. తుప్పు పట్టిన ఇనుములా ఎర్రగా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. ఎరుపు నిజంగా ఇనుము వల్లే. అక్కడా అలాగే నీళ్లు పోయించండి. ఇంకిపోతాయి. వాన నీరు ఆ చిల్లుల్లోంచి దిగి, కింద గట్టి పొర తగిలాక పక్కలకు ఊరుతుంది. కొండ మీద నది ఎలా పుడుతుందన్న ప్రశ్నకు జవాబు పిల్లల చేతిలోని వాటర్ బాటిల్‌లోనే దొరుకుతుంది. రాయి మాత్రం ఇంటికి తేనివ్వకండి, అది అటవీ భూమి.

మూసీ మొదలయ్యే చోటును స్థానికులను అడిగితే చూపిస్తారు. పెద్ద జలపాతం ఉంటుందని పిల్లలకు ఆశ పెట్టకండి. ఎండాకాలంలో అయితే తడి కూడా కనిపించకపోవచ్చు. ఆగస్టు నుంచి నవంబరు దాకా మంచి సమయం. వానలప్పుడు బాట జారుతుంది కాబట్టి చెప్పులు కాకుండా బూట్లు వేయండి. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర కోతులు ఉంటాయి, తినే వస్తువులు పిల్లల చేతికి ఇవ్వకండి.

చిప్స్ కవర్ల సంగతి ఇక్కడే చెప్పాలి. అక్కడ పారేసిన కవరు వానకు కొట్టుకొచ్చి చేరేది గండిపేటకే, అంటే మూసీ మీది ఉస్మాన్ సాగర్‌కు. నగరానికి తాగునీరు ఇచ్చే చెరువు అది. మూసీకి ఉపనది ఈసీ మీద ఉన్నది హిమాయత్ సాగర్, ఔటర్ రింగ్ రోడ్డు మీంచే కనిపిస్తుంది. ఈ రెండు నదులు బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. ఆ తర్వాత మూసీ పాతబస్తీని ఒరుసుకుంటూ వెళ్లి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తిరుగు ప్రయాణంలో ఈ గీతను పిల్లలతో కాగితం మీద గీయించండి. గూగుల్ మ్యాప్ చూసి గీసినా తప్పు లేదు, చేత్తో గీస్తే చాలు.

ఏడో తరగతి పైబడిన పిల్లలకు ఇంకొంచెం చెప్పొచ్చు. 1908 సెప్టెంబరు 28న ఎగువన కురిసిన భారీ వానకు మూసీ పొంగి నగరంలో వేలమంది చనిపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో, వరదను ఆపడానికీ తాగునీటికీ పనికొచ్చేలా ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇప్పటికీ ఆ గేట్లు ఎత్తినప్పుడు మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ లోతట్టు ఇళ్లవాళ్లు సామాన్లు సర్దుకోవాల్సి వస్తోంది. గేట్లు ఎత్తకపోతే ఏమవుతుంది, ఎత్తితే ఎవరికి కష్టం అని పిల్లల్ని అడగండి. జవాబు మీరు చెప్పేయకండి.

ఆ వరదలో సుమారు 150 మంది ఒక చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మరో ఆదివారం పిల్లలను అక్కడికి తీసుకెళ్లండి. రోగులకు అడ్డం కాకుండా ఓ పక్కన నిలబడి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చి ఉంటాయో వాళ్లనే ఊహించమనండి.