మామిడి తోటకు రైఫిల్ కాపలానా?

ప్రశ్న: పుంగనూరు దగ్గర మాకు మామిడి తోట ఉంది. అడవి పందుల బెడద ఎక్కువ. కుప్పం వైపు బంధువుల పొలాల్లోకైతే ఏనుగులే దిగుతున్నాయి. దూరం కొట్టే రైఫిల్ కొనాలని ఆశ. తెలివైన పనేనా?

జవాబు: ఆశ నాకు అర్థమైంది. నున్నటి చెక్క మడమ, బోల్టు లాగితే వచ్చే ఆ టక్కుమనే చప్పుడు ఎవరికైనా ముచ్చటే. కానీ ఏనుగు మాట మరిచిపోండి. 1972 వన్యప్రాణి చట్టం కింద దానికి అత్యున్నత రక్షణ ఉంది. పందిని కాల్చాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. లైసెన్సు చేతిలో ఉంటే వేటకు అనుమతి ఉన్నట్టు కాదు.

మామూలు పౌరుడికి దొరికేది .315 బోరు. .303 నిషిద్ధ బోరు. దరఖాస్తు కలెక్టరేట్‌లో, ఆపై పోలీసు విచారణ, శిక్షణ సర్టిఫికెట్. అంతా అయ్యాక ఇంట్లో తాళం వేసిన బీరువా, వానాకాలంలో గొట్టం తుప్పు పట్టకుండా నూనెగుడ్డ, ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగింత. తుపాకీ ధర ఈ ఖర్చులో మొదటి వాయిదా మాత్రమే.

అసలు భయం వేరే. గురి తప్పిన గుండు కిలోమీటరు దాటి పోతుంది. చీకట్లో చెట్ల వెనక ఎవరి గుడిసె ఉందో మీకు కనబడదు.

ఆ డబ్బుతో సోలార్ కంచె వేయండి. గురి సరదా తీరాలంటే .177 ఎయిర్ రైఫిల్ చాలు. 20 జౌళ్లు మించకపోతే లైసెన్సు అక్కర్లేదు. మదనపల్లె మిత్రుడొకరు పెరట్లో మట్టిగోడ ముందు డబ్బాలు పేర్చి రోజూ కొడుతుంటారు.