వానాకాలపు ఉమ్మడి తోట: నాటడం ఒక రోజు, కాపాడటం ఒక కారు



తొలకరి పడగానే మన పత్తికొండ ప్రాంతంలో కొందరు విత్తనాల మూట విప్పుతారు. మరికొందరు జొన్నగిరి, పగిడిరాయి చేలలో వజ్రాలు వెతుకుతారు. వజ్రం దొరకడం అదృష్టం. గుప్పెడు పుంటికూర గింజలు చల్లి కాపాడుకుంటే మాత్రం నెలా పది రోజుల్లో ఇంటికి కూర వస్తుంది. ఆ కాపాడుకోవడం గురించే ఈ నాలుగు మాటలు.

ఒక ముస్లిం మొక్క నాటినా, విత్తనం వేసినా, దాని నుండి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తింటే అది అతనికి సదఖా అవుతుందని మహాప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు బుఖారీ హదీసులో ఉంది. ఇందులో గమనించవలసినవి రెండు. తినేవారి మతం, కులం అడగలేదు. పుణ్యం తినడంతో ముడిపడి ఉంది. నాటిన మొక్క ఎండిపోతే తినేదేముంటుంది?

ఉమ్మడి తోటలకు ఎదురయ్యే చిక్కు ఇదే. నాటే రోజున జనం ఉంటారు, ఫోటోలు ఉంటాయి, చందాలూ వస్తాయి. నలభై రోజుల తర్వాత కలుపు తీసే రోజున పార పట్టే చేయి కనపడదు.

మన వాన, మన నేల

కర్నూలు జిల్లాలో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపే పడుతుంది. ఒక వానకూ మరో వానకూ మధ్య మూడు వారాల ఎడం వస్తే లేత మొక్క తట్టుకోలేదు. నల్లరేగడిలో ఇంకో బాధ: గట్టి వాన పడితే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. అందుకే మన తోట రెండింటికీ సిద్ధంగా ఉండాలి.

పది సెంట్ల స్థలమైనా చాలు. రోహిణి ఎండల్లోనే దున్ని, మాగిన దిబ్బ ఎరువు కలిపి, నాలుగు అడుగుల వెడల్పున, జానెడు ఎత్తున మడులు కట్టాలి. ఆ వెడల్పైతే మడి తొక్కకుండా రెండు వైపుల నుండీ చేయి అందుతుంది, ఎక్కువైన నీరు కాలువలో దిగిపోతుంది. వంగ, టమోటా నారు అప్పుడే నీడలో పోసుకుంటే ఆరుద్ర, పునర్వసు కార్తెల నాటికి నాటుకు వస్తుంది. మృగశిర వానకు బెండ, గోరుచిక్కుడు, అలసంద నేరుగా విత్తుకోవచ్చు. కంచె వెంట బీర, సొర, కాకర పాకించాలి. తోటకూర, పుంటికూర, మెంతికూర ఒకేసారి చల్లకుండా పదిహేను రోజులకొక మడి చొప్పున చల్లితే కూర తెగకుండా వస్తుంది.

మొక్కల మధ్య వేరుశనగ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. పొట్టుకు మన ఊళ్లో కొరత లేదు. రసం పీల్చే పురుగులు కనబడితే 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పప్పు పిండి చొప్పున రాత్రంతా నానబెట్టి, వడగట్టి సాయంత్రం చల్లాలి. బెండ ఆకుల ఈనెలు పసుపుబారితే ఆ మొక్కను పీకేయడమే మేలు. తెల్లదోమ ఆ తెగులును పక్క మొక్కలకు మోస్తుంది.

నీటి లెక్క

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే 100 చదరపు మీటర్ల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే వెయ్యి లీటర్లు. కొంత పోయినా, ఒక గొట్టం, ఒక తొట్టి ఉంటే వాన ఎడం వచ్చిన రోజుల్లో మడులు బతుకుతాయి. మసీదులో వుజూ చేసిన నీటిలో సబ్బు ఉండదు కనుక అదీ తోటకు మళ్లించవచ్చు.

వాన నీటితో పండిన పంటలో పదో వంతు, తోడిపోసిన నీటితో పండినదానిలో ఇరవయ్యో వంతు ఇవ్వాలని ఉష్ర్ నియమం. నీళ్లు మోసే చెమటను షరీఅత్ లెక్కలోకి తీసుకుందన్న మాట. మనం కూడా తీసుకోవాలి.

అందరి తోట, ఎవరి పని?

అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుంది. కాబట్టి కంచె, తొట్టి, ఎరువు గుంత ఉమ్మడిగా ఉంచి, ఒక్కో మడిని ఒక్కో కుటుంబానికి అప్పగించడం మంచిది. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుండి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో పేద దళిత మహిళలు కలిసి భూములు కౌలుకు తీసుకుని, పలు రకాల పంటలు పండించుకున్నారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది. పని చేసే చేతులకే నిర్ణయం ఉండాలన్నది అక్కడి పాఠం.

తోటను టమోటాతో నింపవద్దు. కిలో రూపాయికి పడిపోయి రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజులు మన మార్కెట్ చూసింది. ఇది అమ్మకపు తోట కాదు, వితంతువుల ఇళ్లకు, కూలి దొరకని ఇళ్లకు కూర పంపే తోట.

దాతలకు మనవి

హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లోని తమ భూమిని వక్ఫ్ చేసినప్పుడు దాన్ని అమ్మరాదని, దాని ఫలం పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు చెందాలని షరతు పెట్టారు. దాన్ని చూసుకునే వ్యక్తి న్యాయమైన మేరకు అందులో నుండి తినవచ్చని కూడా చెప్పారు. తోటమాలి కూలి అనవసరపు ఖర్చు కాదని, అది దానంలో భాగమేనని మనం ఇక్కడి నుండే నేర్చుకోవాలి. అందుకే మేము కోరేది: మొక్కలకు ఒక వంతు ఇచ్చేవారు, నీటికి, కంచెకు, కాపలా మనిషికి రెండు వంతులు ఇవ్వండి. నాటే రోజు రాకపోయినా సరే, మఖ, పుబ్బ కార్తెల్లో ఒకసారి వచ్చి మడులు చూడండి.

1827 జులై 6న సర్ థామస్ మన్రో కలరాతో ఈ పత్తికొండలోనే కన్నుమూశారు. ఆయన గుర్తుగా ప్రభుత్వం ఇక్కడ ఒక బావి కట్టించి, చెట్ల తోపు పెంచింది. ఈ మెట్ట సీమలో మనిషిని గుర్తుంచుకోవడానికి నీటిని, నీడను మించినది లేదని ఆనాటి వారికీ తోచింది. మన సదఖా కూడా అలా పారుతూ ఉండాలి.

అల్లాహ్ మన వానల్లో, మన చేతుల్లో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.